కట్ పెట్టగానే ఆగిపోయే లేత్: డీసీ మోటారుకు ఇంట్లో స్పీడ్ కంట్రోలర్

చేతిపని మీద ఇష్టంతో ఇంటి వెనక చిన్న షెడ్డు వేసుకున్న ప్రతివాడూ ఏదో ఒకరోజు పాత ట్రెడ్‌మిల్ మోటారు ఇంటికి తెచ్చుకుంటాడు. వ్యాయామం మానేసినవాళ్ల పుణ్యమా అని వాటికి కొదవ లేదు. చూడ్డానికి చిన్నదే, ప్లేటు మీద మాత్రం ఒకటిన్నర హార్స్‌పవర్ అని రాసి ఉంటుంది. పైగా డీసీ. వోల్టేజీ తగ్గిస్తే వేగం తగ్గుతుంది, పెంచితే పెరుగుతుంది, ఇంకేం కావాలి?

నేనూ అందరిలాగే మొదలుపెట్టాను. పెద్ద సైజు డిమ్మరు ఒకటి, దాని తర్వాత ఏసీని డీసీగా మార్చే బ్రిడ్జ్ రెక్టిఫైయర్, ఆ తర్వాత మోటారు. బెల్టు వేసి లేత్‌కి (లోహాన్ని తిప్పుతూ కోసే యంత్రానికి) కలిపి నాబ్ తిప్పితే, కోసే ముక్కను బిగించే చక్ ఎంత నెమ్మదిగా కావాలంటే అంత నెమ్మదిగా, ముచ్చటగా తిరిగింది. ఇనుప కడ్డీ బిగించి అర మిల్లీమీటరు కట్ పెట్టాను. చక్ ఆగిపోయింది. టూల్ వెనక్కి లాగాను. ఆగిన చక్ ఒక్కసారిగా గిర్రున లేచింది. నాబ్‌ని మాత్రం నేను ముట్టుకోలేదు.

ఇదే పద్ధతిలో ఇంట్లో ఫ్యాన్ రెగ్యులేటరు ఏళ్ల తరబడి నడుస్తోంది కదా అని అనుమానం వస్తుంది. ఫ్యాన్ సంగతి వేరు. గాలి రెక్కల మీద పెట్టే బరువు వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది. వేగం సగం చేస్తే కావలసిన టార్క్ నాలుగో వంతుకు పడిపోతుంది. అంటే మనం మోటారు బలం తగ్గించినప్పుడల్లా దాని మీద బరువూ దానంతటదే తగ్గుతుంది, ఎక్కడో ఒకచోట రెండూ సర్దుకుంటాయి. పైగా గాలి హఠాత్తుగా గట్టిపడదు. లేత్‌లో అలా కాదు. టూల్ తగలనంతసేపు బరువు దాదాపు సున్నా, తగిలిన మరుక్షణం నిండు బరువు. అసలు బలం కావాల్సింది కూడా తక్కువ వేగంలోనే. 25 మిల్లీమీటర్ల మైల్డ్ స్టీల్ కడ్డీని మామూలు హెచ్‌ఎస్‌ఎస్ (హైస్పీడ్ స్టీల్) టూల్‌తో తీయాలంటే నిమిషానికి 25 మీటర్ల కటింగ్ స్పీడు లెక్కన సుమారు 320 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) చాలు. అదే 100 మిల్లీమీటర్ల దిమ్మ అయితే 80. మర కోయాలంటే ఇంకా తక్కువ.

కాబట్టి వేగం తగ్గించడం పెద్ద విద్యేమీ కాదు, తగ్గించిన వేగాన్ని బరువు పడ్డప్పుడు నిలబెట్టడమే విద్య. దానికి ముందు ఆ మోటారు లోపల ఏం జరుగుతోందో కాస్త లెక్క చూసుకోవాలి. లెక్క అంటే భయపడక్కర్లేదు, కూడికలు తీసివేతలే.

390 ఆర్‌పీఎం ఎక్కడికి పోయింది?

శాశ్వత అయస్కాంతాల డీసీ మోటారుకు రెండే సూత్రాలు. టార్క్ కరెంటును బట్టి ఉంటుంది. వేగం, మోటారు తిరుగుతూ తనలో తాను పుట్టించుకునే ఎదురు వోల్టేజీని బట్టి ఉంటుంది. పుస్తకాల్లో దాన్ని బ్యాక్ ఈఎంఎఫ్ అంటారు. మనమిచ్చే వోల్టేజీలో కొంత ఆర్మేచర్ (మోటారులో తిరిగే భాగం) తీగల్లో, దానికి కరెంటు అందించే కార్బన్లలో వేడిగా పోతుంది. మిగిలిందే ఎదురు వోల్టేజీకి సమానమవుతుంది.

ఒక మోటారు తీసుకుందాం. 180 వోల్టులు, 8 ఆంపియర్లు, 4000 ఆర్‌పీఎం. కార్బన్లతో కలిపి ఆర్మేచర్ రెసిస్టెన్స్ 2 ఓమ్‌లు. నిండు బరువు మీద 8 ఆంపియర్లు పోతుంటే తీగల్లో పోయేది 16 వోల్టులు. మిగిలిన 164 వోల్టులకు 4000 ఆర్‌పీఎం. అంటే ప్రతి 1000 ఆర్‌పీఎంకి 41 వోల్టులు. బరువు తీసేస్తే 180 వోల్టులూ దాదాపు ఎదురు వోల్టేజీకే పోతాయి, వేగం సుమారు 4390కి చేరుతుంది. బరువు వల్ల పోయింది 390 ఆర్‌పీఎం. నూటికి తొమ్మిది. ఎవరూ గమనించరు.

ఇప్పుడు వోల్టేజీ 90కి దించండి. బరువు లేనప్పుడు 2195, బరువు మీద 1805. పోయింది మళ్లీ 390. ఇంకా కిందికి, 20 వోల్టులకు దించండి. బరువు లేనప్పుడు 488 ఆర్‌పీఎం, చూడ్డానికి లేత్‌కి సరిగ్గా సరిపోయే వేగం. కట్ పెట్టి కరెంటు 8 ఆంపియర్లకు చేరితే? 20లో 16 తీగలకే పోయాయి. మిగిలింది 4 వోల్టులు, అంటే 98 ఆర్‌పీఎం. ఇంకో రెండు ఆంపియర్ల బరువు పడితే మోటారు పూర్తిగా ఆగుతుంది.

నా చక్ ఆగిపోవడానికి కారణం ఇంతే. తగ్గే వేగం ఎక్కడైనా అదే 390. కాకపోతే 4000లో 390 పోతే అది లెక్కలోది కాదు, 488లో 390 పోతే మిగిలేదేమీ ఉండదు. వెయ్యి జీతంలో వంద ఖర్చుకూ నూట పాతిక జీతంలో వంద ఖర్చుకూ ఉన్నంత తేడా. వోల్టేజీ ఎంత శుభ్రమైనదైనా, ఎంత ఖరీదైన పరికరం నుంచి వచ్చినా, అది కదలకుండా ఒకేచోట ఉన్నంతకాలం ఈ జబ్బు పోదు. మోటారుతో సిరీస్‌లో రెసిస్టర్ పెట్టి వేగం తగ్గించేవాళ్లు ఈ 2 ఓమ్‌లను తామే 10 ఓమ్‌లు చేసుకుంటున్నారు. వాళ్ల కష్టం ఇంకా ఎక్కువ.

వైద్యం కూడా ఈ లెక్కలోనే ఉంది. కరెంటు పెరిగినప్పుడల్లా ఎన్ని వోల్టులు తీగల్లో పోతున్నాయో అన్ని వోల్టులు అదనంగా కలిపితే సరి. 8 ఆంపియర్లు పోతుంటే 16 వోల్టులు కలపాలి, 4 పోతుంటే 8. దీన్నే ఐఆర్ కాంపెన్సేషన్ అంటారు. రెండో దారి, చక్ వేగాన్ని నేరుగా కొలిచి, తగ్గితే వోల్టేజీ పెంచడం. రెండింటి సంగతీ తర్వాత చెబుతాను.

ఈ లెక్కలోంచే ఇంకో సంగతి బయటపడుతుంది. ఆగి ఉన్న మోటారులో ఎదురు వోల్టేజీ ఉండదు. ఒక్కసారిగా 180 వోల్టులు ఇస్తే 2 ఓమ్‌ల మీద 90 ఆంపియర్లు పోతాయి. క్షణకాలమే, కానీ ట్రాన్సిస్టర్లు చావడానికి క్షణకాలం చాలా ఎక్కువ.

వోల్టేజీని తగ్గించే దారులు

ఈ ప్రయాస కొత్తది కాదు. 1891లో అమెరికాలో హ్యారీ వార్డ్ లియోనార్డ్ దీనికో దారి కనిపెట్టాడు. ఒక మోటారుతో జనరేటర్ తిప్పి, ఆ జనరేటర్ ఫీల్డ్ కరెంటును చిన్న రియోస్టాట్‌తో మార్చి, దాన్నుంచి వచ్చే డీసీతో అసలు మోటారు నడపడం. ఒక మోటారు వేగం మార్చడానికి మూడు యంత్రాలన్నమాట. అయినా లిఫ్టులు, గనుల్లో తొట్లు ఎత్తే వించ్‌లు దశాబ్దాల పాటు దాని మీదే నడిచాయి. 1957లో జనరల్ ఎలక్ట్రిక్ వాళ్లు ఎస్‌సీఆర్ అనే సెమీకండక్టర్ స్విచ్ తెచ్చాక ఆ యంత్రాల అవసరం పోతూ వచ్చింది. 1980ల్లో అదే కంపెనీలో, మద్రాసు ఐఐటీలో 1969లో చదువు ముగించుకుని వెళ్లిన జయంత్ బాలిగా ఐజీబీటీని, అంటే పెద్ద వోల్టేజీని వేగంగా వేసి తీయగల ట్రాన్సిస్టర్ స్విచ్‌ని, రూపొందించారు. మన వంటింట్లో ఇండక్షన్ స్టవ్ నడిచేది దానితోనే. మన కంట్రోలర్ నడవబోయేదీ దానితోనే.

ఇంట్లో చేసుకునేవాడి ముందు మూడు దారులున్నాయి. ఒకటి డిమ్మర్‌స్టాట్ (నాబ్ తిప్పి వోల్టేజీ మార్చుకునే ట్రాన్స్‌ఫార్మర్), దాని వెనక బ్రిడ్జ్. బరువైనది, ఖరీదైనది, కానీ మొండిది. పాడవడానికి అందులో ఏముంది? ఇచ్చే వోల్టేజీ నిలకడగా ఉంటుంది, డిమ్మరు కంటే చాలా నయం. కానీ తనంతట తాను సర్దుకోదు. అది ఆటోట్రాన్స్‌ఫార్మర్ అనీ, మెయిన్స్ నుంచి మనల్ని వేరు చేయదనీ చాలామంది మరిచిపోతారు. 20 వోల్టుల దగ్గర పెట్టినా షాక్ 230దే కావచ్చు.

రెండోది నేను మొదట చేసిన తప్పు: ట్రయాక్ అనే ఏసీ స్విచ్‌తో నడిచే డిమ్మరు, బ్రిడ్జ్. ఇది వోల్టేజీని తగ్గించదు, ప్రతి అలలోనూ మొదటి భాగం కోసేసి చివరి ముక్క మాత్రం పంపుతుంది. సెకనుకు వంద ముక్కలు. మోటారుకు టార్క్ వచ్చేది సగటు కరెంటు నుంచి, వేడి వచ్చేది కరెంటు వర్గం నుంచి. సగటున 8 ఆంపియర్లు కావాలి, కానీ కరెంటు పోయేది నాలుగో వంతు సేపే అనుకోండి. ఆ కాసేపూ 32 ఆంపియర్లు పోవాలి. లెక్క కడితే వేడి నాలుగు రెట్లు. అదే టార్క్, నాలుగు రెట్ల వేడి! తక్కువ వేగంలో మోటారు గుర్రుగుర్రుమంటూ కాలిపోయేది ఇందుకే. సిరీస్‌లో పెద్ద చోక్ (ఇనుము మీద చుట్టిన తీగచుట్ట) పెడితే కొంత తగ్గుతుంది. ఇక్కడ కొందరు తెలివిగా బ్రిడ్జ్ తర్వాత పెద్ద కెపాసిటర్ పెడతారు. దయచేసి వద్దు. కెపాసిటర్ అల కొసకు చార్జ్ అయి వోల్టేజీ 300 దాటుతుంది, ట్రయాక్ మీద కరెంటు దెబ్బలు పడతాయి, రెండింట్లో ఏదో ఒకటి పేలుతుంది.

మూడోది చాపర్. మెయిన్స్‌ని ముందే డీసీ చేసి, దాన్ని సెకనుకు వేలసార్లు వేసి తీస్తూ, వేసి ఉంచే సమయం వాటాతో (దాన్నే డ్యూటీ అంటారు) సగటు వోల్టేజీని నిర్ణయించడం. పీడబ్ల్యూఎం అనేది దీన్నే. మనం కట్టబోయేది ఇదే.

కట్టే ముందు ఒక మాట. మెయిన్స్ మీద ఎప్పుడూ పనిచేయని వాళ్లు దీంతో మొదలుపెట్టొద్దు. 24 వోల్టుల 250 వాట్ల ఎలక్ట్రిక్ స్కూటర్ మోటారు, దానికి తగ్గ 24 వోల్టుల పవర్ సప్లై తీసుకుని ఇదే సర్క్యూట్‌ని చిన్నగా కట్టండి. చిన్న డ్రిల్లింగ్ మిషన్‌కి అది చాలు. తప్పు చేస్తే అందులో స్విచ్‌గా వాడే మాస్ఫెట్ ట్రాన్సిస్టర్ పోతుంది, మీరు మిగులుతారు. ఇంకో మాట, నేర్చుకోవడం కాకుండా పని జరగడమే ముఖ్యమైతే త్రీ ఫేజ్ మోటారు, సింగిల్ ఫేజ్ తీసుకునే వీఎఫ్‌డీ (ఏసీ ఫ్రీక్వెన్సీ మార్చి మోటారు వేగం మార్చే పెట్టె) కొనుక్కోవడం మేలు. వీఎఫ్‌డీలు ఒకప్పటంత ఖరీదు కాదు. చేతిలో మంచి డీసీ మోటారు ఉండి, పారేయడానికి మనసొప్పని నాలాంటివాళ్ల కోసమే మిగతా వ్యాసం.

చాపర్ కట్టడం

230 వోల్టుల ఏసీని బ్రిడ్జ్‌తో డీసీ చేసి కెపాసిటర్ పెడితే వచ్చేది 325 వోల్టులు. మనకు కావలసింది గరిష్ఠంగా 180. కాబట్టి డ్యూటీ 55 శాతం దాటకూడదు. ఈ హద్దును మైక్రోకంట్రోలర్ (వేసి తీసే పనిని నడిపే చిన్న కంప్యూటర్ చిప్) ప్రోగ్రాములో ఒక అంకెగా రాసి ఊరుకోకండి, ప్రోగ్రాము తప్పినా దాటకుండా సర్క్యూట్‌లో కూడా హద్దు ఉండాలి. ఇంకోటి, మన దగ్గర వోల్టేజీ ఎప్పుడూ 230 ఉండదు. సాయంత్రం దీపాల వేళ ఒకలా, అర్ధరాత్రి ఒకలా ఉంటుంది. 250 వస్తే బస్సు మీద, అంటే బ్రిడ్జ్ తర్వాతి డీసీ తీగల మీద, 353 ఉంటుంది, అప్పుడు హద్దు 51 శాతం.

బస్సు కెపాసిటర్ 450 వోల్టులది. ఒక కిలోవాట్ లాగుతుంటే 470 మైక్రోఫారడ్‌ల మీద వోల్టేజీ ప్రతి అర అలకూ 50 వోల్టుల దాకా ఊగుతుంది. 1000 అయితే దాంట్లో సగం. పెద్దదే పెట్టండి. స్విచ్ వేసిన క్షణాన ఖాళీ కెపాసిటర్ అంటే షార్ట్ సర్క్యూట్ లాంటిదే, అందుకని ముందు ఎన్‌టీసీ థర్మిస్టర్ (చల్లగా ఉన్నప్పుడు కరెంటును అడ్డుకుని, వేడెక్కాక వదిలే రెసిస్టర్) ఉండాలి. స్విచ్ తీశాక కెపాసిటర్‌లో మిగిలే శక్తి 1000 మైక్రోఫారడ్‌లకు 50 జూళ్ల పైమాటే, మనిషిని పడగొట్టగలదు. దాని మీద 47 కిలో ఓమ్‌ల 5 వాట్ల రెసిస్టర్ శాశ్వతంగా వేసి ఉంచాలి. అయినా పూర్తిగా ఖాళీ కావడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. పెట్టె తెరిచేముందు టీ తాగి రావడం మంచి అలవాటు, వచ్చాక మీటరు పెట్టి చూడటం అంతకంటే మంచిది.

ఫ్రీక్వెన్సీ దగ్గరే ఎక్కువమంది పొరబడతారు. ఆర్డ్యునో (రెడీమేడ్ మైక్రోకంట్రోలర్ బోర్డు) ఎలా ఉంటే అలా పీడబ్ల్యూఎం ఇస్తే 490 లేదా 980 హెర్ట్జ్ వస్తుంది. 12 వోల్టుల బొమ్మ మోటారుకు అది చాలు. మన మోటారు ఇండక్టెన్స్ (కరెంటు హఠాత్తుగా మారకుండా అడ్డుకునే గుణం) 5 మిల్లీహెన్రీలు అనుకోండి. 325 వోల్టుల మీద సగం డ్యూటీలో 1 కిలోహెర్ట్జ్ దగ్గర కరెంటు ప్రతిసారీ 16 ఆంపియర్ల ఎత్తున లేచి పడుతుంది. 8 ఆంపియర్ల మోటారులో 16 ఆంపియర్ల అలజడి! డిమ్మరు జబ్బు మళ్లీ ఇంకో రూపంలో వచ్చినట్టే. 8 కిలోహెర్ట్జ్ దగ్గర అది 2 ఆంపియర్లకు, 16 దగ్గర ఒక్క ఆంపియర్‌కు దిగుతుంది. మరీ పెంచితే ఐజీబీటీ వేసి తీసే ప్రతిసారీ వేడెక్కుతుంది. నేను 8 దగ్గర ఆగాను. సన్నగా ఈల వినిపిస్తుంది, లేత్ చప్పుడులో అదెంత?

ఐజీబీటీలు ఇండక్షన్ స్టవ్ రిపేరు షాపుల్లో దొరుకుతాయి. 20 ఆంపియర్ల, 1200 వోల్టుల రకం. వాటితో పని జరుగుతుంది, ఒక తిరకాసుంది. స్టవ్‌లో అవి వోల్టేజీ సున్నా దగ్గరున్నప్పుడు మాత్రమే వేసేలా రూపొందించినవి. మన చాపర్‌లో నిండు వోల్టేజీ మీద వేసి తీస్తాం, కాబట్టి అవి కాగితం మీద కనిపించినంత చల్లగా ఉండవు. హీట్‌సింక్ రెండింతలు పెట్టుకోండి.

ఐజీబీటీ ఆగిన ప్రతిసారీ మోటారులో పోతున్న కరెంటు ఎటో ఒకటు పోవాలి. ఆ దారే మోటారుకు అడ్డంగా పెట్టే ఫ్రీవీల్ డయోడ్. చేతికందిన 1ఎన్4007 పెట్టి మొదటి పది సెకన్లలోనే పొగ చూసినవాళ్లను నేనెరుగుదును, అందులో నేనూ ఒకణ్ని. ఒక ఆంపియర్ డయోడ్ అన్నది ఒక సంగతి. అసలు సంగతి దాని మందకొడితనం. కరెంటు ఆపమంటే ఆగడానికి దానికి మైక్రోసెకన్ల కొద్దీ సమయం పడుతుంది, 8 కిలోహెర్ట్జ్‌లో ఒక చుట్టు మొత్తం 125 మైక్రోసెకన్లే. ఆ ఆలస్యంలో ఐజీబీటీకి, డయోడ్‌కి మధ్య నేరుగా షార్టు. ఎంయూఆర్1560 లాంటి వేగవంతమైనది కావాలి. 15 ఆంపియర్లు, 600 వోల్టులు, 60 నానోసెకన్లు.

పెట్టెలో నెగటివ్ అనుకున్నది నెగటివ్ కాదు

మెయిన్స్ నుంచి నేరుగా బ్రిడ్జ్ పెట్టినప్పుడు డీసీ నెగటివ్ తీగ న్యూట్రల్ అనుకుంటారు. సగం సేపు అది న్యూట్రలే. మిగతా సగం సేపు అది ఫేజ్‌కు కలిసి ఉంటుంది, భూమికి 325 వోల్టుల కిందిదాకా పోతుంది. ఐజీబీటీ ఎమిటర్ (కరెంటు బయటికి పోయే కాలు) ఆ తీగ మీదే ఉంటుంది. మైక్రోకంట్రోలర్ గ్రౌండును దానికి కలిపితే మైక్రోకంట్రోలర్ మొత్తం, నాబ్ లోపలి పాట్ (తిప్పితే విలువ మారే రెసిస్టర్) ఇరుసుతో సహా, మెయిన్స్ మీద కూర్చున్నట్టే. ఆ స్థితిలో ప్రోగ్రాము మారుద్దామని యూఎస్‌బీ తీగ గుచ్చాను. లాప్‌టాప్ చార్జర్ ద్వారా ఎర్త్ అయి ఉంది. టప్ మంది. పోయింది లాప్‌టాప్ కాబట్టి ఇవాళ రాస్తున్నాను. ఆసిలోస్కోప్ గ్రౌండ్ క్లిప్పు తగిలించినా ఇదే గతి.

అందుకే మధ్యలో ఆప్టోకప్లర్. టీఎల్‌పీ250 లాంటిది వెలుతురుతో సంకేతం అందుకుని అవతలి వైపు ఐజీబీటీ గేటును (దాన్ని వేసి తీసే కాలును) నడుపుతుంది. దాని అవతలి వైపుకు 15 వోల్టుల సప్లై విడిగా, చిన్న ట్రాన్స్‌ఫార్మర్ మీద ఉండాలి. గేటుకూ ఎమిటర్‌కూ మధ్య 10 కిలో ఓమ్‌లు వేస్తే డ్రైవరు సప్లై పోయినా గేటు గాలిలో వేలాడదు. కరెంటు కొలవడానికి ఏసీఎస్712 లాంటి హాల్ సెన్సర్ (కరెంటు పుట్టించే అయస్కాంత క్షేత్రాన్ని కొలిచేది) పెడితే అదీ విడిగానే ఉంటుంది. దాన్ని మోటారుతో సిరీస్‌లోనే పెట్టాలి. చాలామంది ఎమిటర్ దగ్గర చిన్న షంట్ రెసిస్టర్ పెట్టి మోటారు కరెంటు కొలిచాం అనుకుంటారు. ఐజీబీటీ ఆగినప్పుడు కరెంటు మోటారులో, డయోడ్‌లో చుట్టూ తిరుగుతూనే ఉంటుంది, షంట్ మీదుగా పోదు. తక్కువ వేగంలో, అంటే మనకు లెక్క బాగా అవసరమైన చోట, ఆ షంట్ సగటు చాలా తక్కువ చూపిస్తుంది. షంట్ మాత్రం ఊరికే పోదు, కరెంటు హద్దు దాటగానే ఆ చుట్టుకు ఐజీబీటీని ఆపేయడానికి అదే సరైన చోటు. 90 ఆంపియర్ల గొడవ అక్కడ తీరుతుంది. దానికి తోడు నాబ్ ఎంత తిప్పినా వేగం రెండు మూడు సెకన్లలో మెల్లగా ఎక్కేలా చేసుకోవాలి.

ఆర్‌సీసీబీ (భూమిలోకి కరెంటు లీకైతే సప్లై ఆపేసే బ్రేకర్) ఉంది కదా అని ధీమా వద్దు. ఒంట్లోంచి భూమిలోకి పోయే కరెంటునే అది పట్టగలదు. ఒక చేయి పాజిటివ్ మీద, ఇంకో చేయి నెగటివ్ మీద పడితే దానికి మీరూ మోటారూ ఒకటే. మామూలు ఏసీ రకం అయితే డీసీ కలిసిన లీకేజీని పట్టకపోవచ్చు కూడా.

పాడైనప్పుడు ఎటువైపు పాడవుతుంది

ఐజీబీటీ చచ్చేటప్పుడు దాదాపు ఎప్పుడూ షార్ట్ అయి చస్తుంది. అంటే నాబ్ సున్నా మీద ఉన్నా 180 వోల్టుల మోటారుకు 325 వోల్టులు. 320 ఆర్‌పీఎం మీద నెమ్మదిగా తిరుగుతున్న చక్, కళ్లు మూసి తెరిచేలోగా దాని హద్దు దాటి పరుగెత్తుతుంది. పోత ఇనుప చక్‌కు ఒక గరిష్ఠ వేగం ఉంటుంది. అది దాటితే ఏమవుతుందో ప్రయోగం చేసి చూడక్కర్లేదు. అప్పుడు నాబ్ పనిచేయదు, ప్రోగ్రాములో రాసుకున్న స్టాప్ పనిచేయదు. పనిచేసేది ఒక్కటే, ఏసీ వైపు ఉన్న కాంటాక్టర్ (కాయిల్‌తో నడిచే పెద్ద స్విచ్), దాని ఎర్ర పుట్టగొడుగు బటన్. అది ఎలక్ట్రానిక్స్‌తో సంబంధం లేకుండా, నేరుగా తీగతో, చేతికందే దూరంలో ఉండాలి.

స్విచ్ ఏసీ వైపే ఎందుకంటే, ఏసీ సెకనుకు వందసార్లు సున్నా దాటుతుంది కాబట్టి స్విచ్‌లో లేచిన మెరుపు ఆరిపోతుంది. డీసీ ఎప్పుడూ సున్నా కాదు, స్విచ్ తీసినా మెరుపు గాల్లోంచి పోతూనే ఉంటుంది. 325 వోల్టుల డీసీని మామూలు ఇంటి స్విచ్‌తో తీస్తే అది కరిగి అతుక్కుపోవడం మామూలే.

కరెంటు కోత సంగతి మన ఊళ్లలో ప్రత్యేకంగా చెప్పుకోవాలి. పొలాల్లో బోరు మోటార్లకు ఆటో స్టార్టర్ పెట్టుకుంటారు, అర్ధరాత్రి కరెంటు వచ్చినా మోటారు దానంతటదే లేవాలని. దానికి బాగా అలవాటుపడ్డ ఎలక్ట్రీషియన్ మీ లేత్‌కీ అదే మంచిదనుకోవచ్చు. లేత్‌కు సరిగ్గా దానికి వ్యతిరేకం కావాలి. కరెంటు పోయిందని చక్ కీ పెట్టి పని తీస్తుంటారు, అదే సమయానికి కరెంటు వస్తే? స్టార్టర్‌లోని నో వోల్ట్ కాయిల్ ఉన్నది ఇందుకే. పోయిన కరెంటు తిరిగి వచ్చినా మళ్లీ పచ్చ బటన్ నొక్కితే తప్ప మిషను లేవకూడదు. అప్పుడు కూడా నాబ్ సున్నాకు తెచ్చి ఉంటేనే లేచేలా ప్రోగ్రాము రాసుకోండి.

నాబ్ గురించి కూడా ఒక మాట. పాట్‌కు మూడు తీగలు. కింది తీగ ఊడితే మధ్య తీగ మీద నిండు వోల్టేజీ కనిపిస్తుంది, మిషను పూర్తి వేగం అనుకుంటుంది. లేత్ అదురుకు సోల్డరింగ్ ఊడటం వింతేం కాదు. పాట్ తీగలను తిరగేసి, పాట్ ఇచ్చే విలువ పెరిగేకొద్దీ వేగం తగ్గేలా లెక్క రాసుకుంటే ఆ తీగ ఊడినప్పుడు మిషను ఆగుతుంది. పై తీగ ఊడితే మళ్లీ పరుగే కదా అంటారు. నిజమే. అందుకని రెండు కొసల్లోనూ చిన్న రెసిస్టర్లు వేసి, విలువ మామూలు పరిధి దాటి పూర్తి సున్నాకో పూర్తి నిండుకో పోతే తీగ ఊడినట్టే అని ఆపేయడం ఇంకా మంచి పద్ధతి.

కొలత, సర్దుబాటు

మోటారు రెసిస్టెన్స్‌ను మల్టీమీటరుతో నేరుగా కొలిస్తే కార్బన్ల మీద అంకె గెంతుతూ ఉంటుంది. షాఫ్ట్ కదలకుండా పట్టి, 12 వోల్టుల బ్యాటరీ, కారు హెడ్‌లైట్ బల్బు సిరీస్‌లో పెట్టి కొంత కరెంటు పంపండి. మోటారు కొసల్లో వోల్టేజీని కరెంటుతో భాగించండి. షాఫ్ట్ కొంచెం కొంచెం తిప్పి నాలుగైదు చోట్ల కొలిచి సగటు తీయండి. తర్వాత హ్యాండ్ డ్రిల్‌తో మోటారు షాఫ్ట్ తిప్పి, ఆ వేగానికి మోటారు ఎన్ని వోల్టులు పుట్టిస్తోందో చూడండి. మన ఉదాహరణ మోటారు అయితే 1000 ఆర్‌పీఎంకి 41 వస్తుంది. ఈ రెండు అంకెలు ఉంటే మోటారు జాతకం చేతిలో ఉన్నట్టే.

మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు పాత టీవీ మెకానిక్‌లు వాడే సిరీస్ బల్బు బోర్డే దిక్కు. 100 వాట్ల మామూలు బల్బు, ఎల్ఈడీ కాదు, సిరీస్‌లో పెట్టి స్విచ్ వేయండి. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే కెపాసిటర్ నిండిందని అర్థం. వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్టు ఉంది, బల్బు మిమ్మల్ని కాపాడింది. మోటారు బదులు ముందు ఇంకో బల్బునే లోడుగా పెట్టి, నాబ్‌తో అది మెల్లగా పెరిగి తగ్గుతోందని చూశాకే మోటారు కలపాలి. మొదటి రోజు చక్ బదులు ఖాళీ పుల్లీతో నడపండి.

వేగం కొలిచి సర్దే పద్ధతి కావాలంటే స్పిండిల్ (చక్‌ను తిప్పే ఇరుసు) మీద ఒక్క అయస్కాంతం పెట్టి సరిపెట్టుకోవద్దు. 100 ఆర్‌పీఎం దగ్గర ఒక్క పల్స్‌కు 0.6 సెకన్లు పడుతుంది. ఆలోగా కట్ పడి చక్ ఆగడం కూడా అయిపోతుంది, కంట్రోలర్‌కు కబురు తర్వాత అందుతుంది. 20 పళ్ల చక్రం, దాన్ని చూసే ఆప్టికల్ సెన్సర్ ఉంటే 30 మిల్లీసెకన్లకు ఒకసారి తెలుస్తుంది. నేను రెండూ కలిపి వాడుతున్నాను. కట్ పడిన దెబ్బను ఐఆర్ కాంపెన్సేషన్ వెంటనే కాస్తుంది, మిగిలిన చిన్న తేడాను వేగం సెన్సర్ నిదానంగా సరిచేస్తుంది.

కాంపెన్సేషన్‌ను మరీ ఎక్కువ పెడితే వింత జరుగుతుంది. బరువు పడితే వేగం తగ్గాల్సింది పోయి పెరుగుతుంది, దానికి కరెంటు ఇంకా పెరుగుతుంది, మోటారు పూనకం వచ్చినట్టు ఊగుతుంది. అందుకని కాంపెన్సేషన్ కొద్దికొద్దిగా పెంచుతూ, ఊగడం మొదలైన చోటు నుంచి కాస్త వెనక్కి తెచ్చి వదలాలి. ఇది మోటారు చల్లగా ఉన్నప్పుడే చేయాలి. రాగి తీగ 60 డిగ్రీలు వేడెక్కితే రెసిస్టెన్స్ దాదాపు నాలుగో వంతు పెరుగుతుంది. వేడి మీద సరిగ్గా సర్దితే మర్నాడు పొద్దున చల్లని మోటారుకు అది ఎక్కువై ఊగడం మొదలవుతుంది. మా షెడ్డులో రెండు చలికాలం పొద్దులు ఈ సంగతి తెలియక సర్క్యూట్ మొత్తం విప్పి చూశాను.

ఇంత చేసినా పాత బెల్టు పుల్లీల మెట్లు తీసి పారేయకండి. 8 ఆంపియర్లకు ఈ మోటారు ఇచ్చే టార్క్ 3 న్యూటన్ మీటర్ల చిల్లర, 4000 దగ్గరైనా 400 దగ్గరైనా అంతే. కాబట్టి 400 దగ్గర పవర్ పదో వంతే. పైగా 8 ఆంపియర్లకు ఆర్మేచర్‌లో పుట్టే 128 వాట్ల వేడి వేగంతో తగ్గదు, చల్లబరిచే ఫ్యాన్ మాత్రం షాఫ్ట్‌తో పాటే నెమ్మదిస్తుంది. ఒకటికి మూడు పుల్లీ వేస్తే మోటారు 960 మీద హాయిగా తిరుగుతుంది, చక్ 320 మీద మూడింతల బలంతో కోస్తుంది. వేడికి విడిగా ఒక చిన్న బ్లోవర్ పెట్టుకోవాలి, గాలి తీసుకునే చోట పాత బనీను గుడ్డ కట్టాలి. లోపల అయస్కాంతాలున్నాయి, ఇనుప రజను గాలితో పాటు లోపలికి పోతే అక్కడే కాపురం పెడుతుంది.

మా లేత్ మీద ఇప్పుడు అదే 25 మిల్లీమీటర్ల కడ్డీ, అదే అర మిల్లీమీటరు కట్. టూల్ తగిలినప్పుడు మోటారు చప్పుడు కొంచెం బరువెక్కుతుంది, మీటరు మీద 320 ఒకసారి 305కి దిగి మళ్లీ 320కి వస్తుంది. నెలకోసారి బ్లోవర్ గుడ్డ దులపాలి, మొన్న మరిచిపోతే వేడి వాసన వచ్చింది.